టీ-విలువ 4.5 దాటలేదు సరే, ముందు మీటరు పనిచేస్తోందా?

క్రిప్టో కోడు రాశారు, టెస్టు వెక్టర్లన్నీ (జవాబు ముందే తెలిసిన నమూనా ఇన్‌పుట్లు) పాసయ్యాయి. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ కోడు నడుస్తున్నప్పుడు ప్రాసెసరు ఎంతసేపు తీసుకుంది, ఎంత కరెంటు లాగింది అన్నవి బయటివాడికి ఏం చెబుతున్నాయి? పట్టిన సమయాన్ని కొలిచి రహస్య కీ లాగొచ్చని క్రిప్టోగ్రాఫర్ పాల్ కోచర్ 1996లో చూపించారు. కరెంటు వాడకం చూసి కూడా లాగొచ్చని 1999లో జాషువా జాఫ్, బెంజమిన్ జున్‌లతో కలిసి చూపించారు. ఇలా రహస్యం పక్కదారిన బయటికి పొక్కడమే సైడ్-ఛానెల్ లీకు. అప్పట్లో దీన్ని కొలవడం ఖరీదైన ల్యాబులున్నవాళ్ల వ్యవహారం. ఇప్పుడు దీనికి కావలసిన సాఫ్ట్‌వేరు దాదాపు అంతా ఓపెన్ సోర్సులోనే దొరుకుతోంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెండు గుంపుల కొలతల సగటుల మధ్య తేడా నిజమా, కాకతాళీయమా అని చూసే గణాంక పరీక్ష టీ-టెస్టు, అది ఇచ్చే అంకె టీ-విలువ. పదిహేను లైన్ల పైథాన్‌తో టీ-టెస్టు గ్రాఫు వచ్చేస్తుంది. గీత 4.5 లోపలే ఉంటే "పాస్" అని రిపోర్టులో రాసేస్తారు. గీత లోపల ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు. కోడు నిజంగా లీకు కాకపోవడం ఒకటి, కొలత చచ్చిపడి ఉండటం రెండోది. గ్రాఫు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటుంది. కూరగాయల బండి దగ్గర తూకం వేయించుకునే ముందు ఖాళీ తక్కెడలో ముల్లు ఎక్కడుందో చూస్తాం కదా, ఇక్కడా అదే జాగ్రత్త కావాలి. కింద చెప్పే ప్రతి పనిముట్టుకూ ఆ ఖాళీ తక్కెడ పరీక్ష ఏమిటో కూడా చెబుతాను.

బోర్డు కొనకముందే: వాల్‌గ్రైండ్

మొదటి మెట్టుకు హార్డ్‌వేరు అక్కర్లేదు. రహస్యం మీద ఆధారపడిన బ్రాంచీ (విలువను బట్టి కోడు దారి మారే చోటు) గానీ, రహస్యాన్ని ఇండెక్సుగా వాడిన టేబుల్ లుకప్ గానీ ఉందా అని చూడటానికి, ప్రోగ్రాములను నడిపి తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌లోని మెమ్‌చెక్ చాలు. 2010లో ఆడమ్ లాంగ్లీ సీటీగ్రైండ్ పేరుతో చూపిన ఉపాయం ఇది. మెమ్‌చెక్ అసలు పని, విలువ ఇవ్వని మెమరీని వాడితే అరవడం. రహస్య కీని కావాలనే "విలువ ఇవ్వని మెమరీ"గా గుర్తుపెడితే, ఆ కీ బిట్లు ఏ బ్రాంచీని తాకినా, ఏ అడ్రసులోకి చేరినా మెమ్‌చెక్ లైను నంబరుతో సహా పట్టిస్తుంది.

చేయాల్సింది కొంచెమే. మెమ్‌చెక్ హెడరు ఫైలును కలుపుకుని, టెస్టు ప్రోగ్రాములో కీ తయారైన వెంటనే వాల్‌గ్రైండ్_మేక్_మెమ్_అన్‌డిఫైన్డ్ అనే మాక్రోకు కీ అడ్రసు, పొడవు ఇవ్వాలి. సంతకం గానీ సైఫర్‌టెక్స్టు గానీ బయటికి వచ్చాక, దాన్ని ప్రింటు చేసేముందు మేక్_మెమ్_డిఫైన్డ్‌తో గుర్తు తీసేయాలి. లేకపోతే ప్రింట్‌ఎఫ్ లోపలి బ్రాంచీల మీద కూడా వందల హెచ్చరికలు వచ్చి అసలువి వాటిలో మునిగిపోతాయి. కంపైలు చేసేటప్పుడు డీబగ్ సమాచారం ఉంచి, మిగతా ఫ్లాగులు మీరు విడుదల చేసే బైనరీకి వాడేవే ఉంచండి. ఆప్టిమైజేషన్ ఆపేసి పరీక్షిస్తే మీరు పరీక్షించింది వేరే ప్రోగ్రాము. ట్రాక్-ఆరిజిన్స్ ఆప్షను పెడితే ఆ విషపు బిట్టు ఎక్కడ పుట్టిందో కూడా చెబుతుంది, నడక మాత్రం మందగిస్తుంది. ఎర్రర్-ఎగ్జిట్‌కోడ్ ఆప్షనుకు 1 ఇస్తే, ప్రతి కమిట్‌కూ నడిచే ఆటోమేటిక్ టెస్టుల్లో దీన్ని కలిపేయొచ్చు.

హెచ్చరికలు రెండు రకాలుగా వస్తాయి. "కండిషనల్ జంప్" అని మొదలైతే బ్రాంచీ. "యూజ్ ఆఫ్ అన్‌ఇనిషియలైజ్డ్ వాల్యూ ఆఫ్ సైజ్ 8" అని వస్తే ఆ విలువ అడ్రసుగా వాడబడింది. అందరూ వాడే ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌ను పాత టేబుల్ పద్ధతిలో రాసిన కోడును నడిపితే రెండో రకం కుప్పలుగా వస్తుంది. ఖాళీ తక్కెడ పరీక్ష కూడా అదే. ముందు అలాంటి ఏఈఎస్‌నో, బైట్ల వరసలను పోల్చే మామూలు మెమ్‌కంప్ ఫంక్షన్‌నో నడిపి చూడండి. హెచ్చరిక రాకపోతే మాక్రో సరిగ్గా కూర్చోలేదన్నమాట. చాలాసార్లు కారణం ఒకటే ఉంటుంది: గుర్తుపెట్టిన బఫరు ఒకటి, ఆ తర్వాత దాని మీదికి కాపీ చేసిన అసలు కీ మరొకటి. విలువలున్న బైట్లు వచ్చి పడగానే గుర్తు చెరిగిపోతుంది.

మెమ్‌చెక్ చూడలేనివి మూడున్నాయి. నడవని దారిని అది చూడదు. కంపైలరు వేరే మెషీనుకు ఏం చేస్తుందో తెలియదు. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం: ఇన్‌స్ట్రక్షనుకు పట్టే సమయం దానిలోని విలువను బట్టి మారితే అది గమనించదు. 2023 చివర్లో బయటపడ్డ కైబర్‌స్లాష్ దీనికి సరైన ఉదాహరణ. క్వాంటం కంప్యూటర్లకూ లొంగకుండా రూపొందించిన ఎన్‌క్రిప్షన్ పద్ధతి కైబర్. దాని రిఫరెన్సు కోడులో డీక్రిప్షన్ చివర, రహస్యంతో ముడిపడిన గుణకాన్ని రెట్టించి, 3329లో సగం కలిపి, 3329తో భాగించే లైను ఒకటుంది. 3329 స్థిరసంఖ్య కాబట్టి కంపైలరు సాధారణంగా భాగహారాన్ని గుణకారంగా మార్చేస్తుంది. కోడు సైజు తగ్గించమని అడిగితే మాత్రం నిజమైన డివైడ్ ఇన్‌స్ట్రక్షనునే పెట్టవచ్చు. చిన్న పరికరాల్లో ఉండే కార్టెక్స్-ఎం4 ప్రాసెసరులో ఆ ఇన్‌స్ట్రక్షను విలువను బట్టి 2 నుంచి 12 సైకిళ్ల దాకా తీసుకుంటుంది. బ్రాంచీ లేదు, టేబులూ లేదు. మామూలు మెమ్‌చెక్ దృష్టిలో అంతా శుభ్రం. అందుకే వాల్‌గ్రైండ్ అయ్యాక డిస్‌అసెంబ్లీలో డివైడ్ ఇన్‌స్ట్రక్షన్లను ఒక్కసారి గ్రెప్ చేసి చూడటం అలవాటు చేసుకోవాలి. రెండు నిమిషాల పని. కార్టెక్స్-ఎం3కి రాస్తుంటే 64 బిట్ల ఫలితమిచ్చే గుణకారాన్నీ వెతకాలి, అక్కడ అది 3 నుంచి 5 సైకిళ్ల మధ్య ఊగుతుంది.

2024లో అదే కైబర్ కోడులో ఇంకోటి బయటపడింది. బిట్ల మాస్కుతో, బ్రాంచీ లేకుండా జాగ్రత్తగా రాసిన లైనును క్లాంగ్ కంపైలరు కొన్ని ఆప్షన్లతో "తెలివిగా" బ్రాంచీగా మార్చేసింది. సోర్సు చదివి ఎవరూ పట్టలేరు. బైనరీని వాల్‌గ్రైండ్‌లో నడిపితే దొరుకుతుంది. సోర్సు రివ్యూ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా ఏం చెప్పాలి.

డ్యూడెక్ట్: గడియారంతో కొలవడం

డివైడ్ లాంటివి దొరకాలంటే సమయాన్నే కొలవాలి. ఆస్కార్ రెపరాజ్, జోసెప్ బలాష్, ఇంగ్రిడ్ వెర్‌బావెడ్‌లు 2017లో ఇచ్చిన డ్యూడెక్ట్ ఒక్క హెడరు ఫైలు. మీరు రెండు ఫంక్షన్లు రాస్తే చాలు. ఒకటి ఇన్‌పుట్లు తయారుచేసి ప్రతిదానికీ 0 లేదా 1 తరగతి ఇచ్చేది, రెండోది కొలవాల్సిన పనిని ఒక్కసారి చేసేది. అది సైకిళ్లు లెక్కపెట్టి, రెండు తరగతుల సగటు సమయాల మధ్య వెల్చ్ టీ-టెస్టు చేస్తుంది. ఇంటరప్టుల వల్ల వచ్చే పొడవాటి తోకలను కత్తిరించి, వేర్వేరు హద్దుల దగ్గర మళ్లీ మళ్లీ లెక్కిస్తుంది.

టీ విలువ 10 దాటితే బహుశా లీకు, 500 దాటితే ఖాయం. ఏమీ కనబడకపోతే అది ఇచ్చే తీర్పు, "ఫర్ ద మూమెంట్, మేబీ కాన్‌స్టంట్ టైమ్." అంటే, రహస్యం ఏదైనా ఒకే సమయం పట్టే కోడు ఇదేనా అంటే, ప్రస్తుతానికి, ఏమో, అయ్యుండొచ్చు! సెక్యూరిటీ పనిముట్లలో ఇంత నిజాయితీ అరుదు.

జనం తప్పు చేసేది ఎక్కువగా తరగతులు ఎంచుకోవడంలో. సందేశం మారలేదని నిరూపించే చిన్న బైట్ల వరస ట్యాగు. మెమ్‌కంప్‌తో ఆ ట్యాగును పోల్చే ఫంక్షను తీసుకోండి. తరగతి 0కి అన్నీ సున్నాలు, తరగతి 1కి యాదృచ్ఛిక బైట్లు ఇచ్చి, సరైన ట్యాగు ఇంకేదో అయిందనుకోండి. రెండు తరగతులూ మొదటి బైటు దగ్గరే తప్పిపోతాయి (రెండోదానిలో 256కి ఒకసారి తప్ప). ఫంక్షను రెండు చోట్లా దాదాపు ఒకే సమయంలో బయటికొస్తుంది, టీ విలువ మెల్లగా నిద్రపోతూ ఉంటుంది, మీకు "మేబీ" వస్తుంది. తరగతి 0కి సరైన ట్యాగునే ఇచ్చి చూడండి, కొద్ది క్షణాల్లో వందలు దాటుతుంది. డ్యూడెక్ట్‌కు ఖాళీ తక్కెడ పరీక్ష ఇదే. లీకు ఏ ఇన్‌పుట్ల మధ్య ఉండొచ్చో ఊహించాల్సింది మీరే, పనిముట్టు కాదు.

ఇంకొన్ని చోట్ల తేడా కోడులో కాకుండా మీ హార్నెస్‌లోనే (కొలవడానికి మీరు రాసిన టెస్టు ప్రోగ్రాములోనే) పుడుతుంది. తరగతి 0 ఇన్‌పుటు ఎప్పుడూ ఒకే బఫరులో ఉండి, తరగతి 1ది ప్రతిసారీ కొత్త చోట ఉంటే మీరు కొలిచింది కాష్‌ను. యాదృచ్ఛిక బైట్లను కొలత లోపల తయారుచేస్తే కొలిచింది రాండమ్ జనరేటరును. ఇన్‌పుట్లన్నీ ముందే తయారుచేసి, రెండు తరగతులనూ ఒకే తీరున, ఒకే పొడవున్న ముక్కల్లో పెట్టండి. ప్రాసెసును ఒక కోరుకు కట్టేయండి, టర్బో ఆపండి. ఎం1 లాంటి ఆపిల్ చిప్‌లలో మామూలు ప్రోగ్రాముకు అందే టైమరు 24 మెగాహెర్ట్జ్‌ది, అంటే ఒక్కో టిక్కు దాదాపు 42 నానోసెకన్లు. పది సైకిళ్ల తేడా అందులో పూర్తిగా ఇంకిపోతుంది. ఆ చిప్‌ల మీద కొలిస్తే, ఒకే పనిని వంద సార్లు తిప్పి కలిపి కొలవాలి.

టీ విలువ 4, 6 మధ్య ఆడుతుంటే ఏం చేయాలి? ఇంకా నడపనివ్వండి. నిజమైన లీకైతే కొలతల సంఖ్య నాలుగింతలైనప్పుడు టీ రెండింతలవుతుంది. కోటి కొలతలు దాటినా అక్కడక్కడే తిరుగుతుంటే అది లీకు కాదు. ఒకే ఒక్క అంకెను చూసి తీర్పివ్వకుండా ఈ పెరుగుదలను చూడాలి.

టీఎల్‌ఎస్ (వెబ్ కనెక్షన్లను గుప్తంగా ఉంచే పద్ధతి) సర్వరు లాంటి దూరపు వస్తువును కొలవాలంటే డ్యూడెక్ట్ సరిపోదు. దానికి టీఎల్‌ఎస్‌ఫజర్‌లో సమయ విశ్లేషణ భాగం ఉంది. నెట్‌వర్కు సమయాల గ్రాఫు గుడిగంట ఆకారంలో ఉండదు కాబట్టి అది టీ-టెస్టు మీద ఆధారపడకుండా విల్‌కాక్సన్ పరీక్షను వాడుతుంది.

పవర్ ట్రేసులు: సగం పని పట్టుకోవడంలోనే

సమయం స్థిరంగా ఉన్నంత మాత్రాన కరెంటు స్థిరంగా ఉండదు. పని ఒకసారి నడిచేటప్పుడు వరసగా తీసిన కరెంటు కొలతలే (శాంపిళ్లే) ఒక ట్రేసు. చేతికందే బోర్డుల్లో కెనడాలోని న్యూఏఈ వాళ్ల చిప్‌విస్పరర్ ముందుంటుంది. కోలిన్ ఓఫ్లిన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. డిజైను, ఫర్మ్‌వేరు, పైథాన్ లైబ్రరీ, జూపిటర్ పాఠాలు అన్నీ బహిరంగమే. లైట్ మోడలులో 10 బిట్ల ఏడీసీ (సిగ్నలును అంకెలుగా మార్చే భాగం), సెకనుకు 10.5 కోట్ల శాంపిళ్ల దాకా. హస్కీలో 12 బిట్లు, 20 కోట్లు.

ఆ అంకెలు చూసి, గిగాశాంపిళ్ల ఆసిలోస్కోపు ముందు ఇదేం పనికొస్తుంది అనిపిస్తుంది. పనికొస్తుంది. కారణం, టార్గెట్టుకు (పరీక్షిస్తున్న చిప్‌కు) క్లాకు ఇచ్చేది ఇదే, శాంపిలు తీసేదీ అదే క్లాకుకు కట్టుబడే. మామూలు సెటప్‌లో టార్గెట్టు 7.37 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, ఏడీసీ దానికి సరిగ్గా నాలుగింతలు, అంటే సెకనుకు 2.948 కోట్ల శాంపిళ్లు. ప్రతి క్లాకు సైకిలుకూ నాలుగు శాంపిళ్లు, అవీ ప్రతి ట్రేసులో సైకిలులోని అదే చోట పడతాయి. విడిగా తిరిగే స్కోపుకు ఈ పొందిక కావాలంటే చాలా ఎక్కువ వేగం కావాలి. అందుకే ఏ రక్షణా లేని చిన్న సాఫ్ట్‌వేర్ ఏఈఎస్ కీ ఈ బోర్డు మీద యాభై ట్రేసులకు అటూ ఇటూగా దొరికిపోతుంది.

డిఫాల్ట్ సెటప్ 5000 శాంపిళ్లు పడుతుంది, అంటే 1250 సైకిళ్లు. సాఫ్ట్‌వేర్ ఏఈఎస్ పది రౌండ్లకు అవి చాలవు. మొదటి రౌండు మీద దాడికి సరిపోతుందిగానీ, "మొత్తం ఎన్‌క్రిప్షన్‌కు టీ-టెస్టు చేశాం" అని రాయడానికి సరిపోదు. లైట్ బఫరు సుమారు 24 వేల శాంపిళ్లు. అంతకన్నా పొడవైన పనిని ఆఫ్‌సెట్ మారుస్తూ ముక్కలుగా పట్టాలి. అసలు పని ఎంత పొడవో తెలియాలంటే పని నడిచినంతసేపూ పైకి ఉండే ట్రిగ్గరు పిన్ను ఎంతసేపు పైకి ఉందో చెప్పే ట్రిగ్-కౌంట్ విలువ చదివి నాలుగుతో భాగించండి, సైకిళ్ల సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య ట్రేసు ట్రేసుకూ మారుతుంటే పవర్ విశ్లేషణ అక్కడితో ఆపి, ముందు ఆ సమయపు తేడా ఎక్కడిదో తేల్చండి. ఇంటరప్టు కావచ్చు, నిజమైన టైమింగ్ లీకే కావచ్చు. ఏదైనా సరే, ట్రేసులు ఒకదానిమీద ఒకటి కూర్చోనప్పుడు తర్వాతి లెక్కలన్నీ మసకబారతాయి.

గెయిన్, అంటే సిగ్నలును ఎన్నింతలు పెంచాలన్న సెట్టింగు, సంగతి. ట్రేసు విలువలు మైనస్ 0.5 నుంచి ప్లస్ 0.5 దాకా ఉంటాయి. శిఖరాలు ఆ హద్దులకు తగిలి చదునైతే అక్కడి సమాచారం పోయినట్టే. మరీ చిన్న గెయినుతో ట్రేసు మధ్యలో సన్నని దారంలా ఉంటే 10 బిట్లలో మీరు వాడేది ఆరు బిట్లే. శిఖరాలు 0.4 దగ్గర ఆగేలా పెట్టి, పని మొత్తం అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. సగం ట్రేసులు ఒక గెయిన్‌తో, సగం ఇంకో గెయిన్‌తో ఉన్న డేటాసెట్టును బాగుచేయడం కన్నా మళ్లీ పట్టడం నయం.

మళ్లీ పట్టడానికి ఎంతసేపు? కంప్యూటరు, టార్గెట్టు మాట్లాడుకునే సింపుల్‌సీరియల్ పద్ధతి మొదటి వెర్షను 38400 బాడ్ మీద నడుస్తుంది. ప్లెయిన్‌టెక్స్టు హెక్సులో 34 అక్షరాలు, జవాబు 34, అందిందన్న సంకేతం 4, మొత్తం 72. ఒక్కో అక్షరానికి పది బిట్ల లెక్కన ట్రేసుకు 18.75 మిల్లీసెకన్లు సీరియల్ తీగకే పోతాయి. లక్ష ట్రేసులకు అరగంటకు పైనే, ఇంకా డేటా కంప్యూటరుకు చేర్చే సమయం కలపలేదు. వేగం కావాలంటే టార్గెట్టుకు ఒక సీడు ఇచ్చి, ఇన్‌పుట్లను అదే లోపల తయారుచేసుకుంటూ వరసగా నడిచేలా ఫర్మ్‌వేరు మార్చాలి. కంప్యూటరు వైపు అదే సీడుతో అవే ఇన్‌పుట్లను మళ్లీ లెక్కించుకోవచ్చు.

దాచేటప్పుడు 16 బిట్ల పూర్ణాంకాలుగా దాచండి. లక్ష ట్రేసులు, 5000 శాంపిళ్లు, రెండేసి బైట్లు, మొత్తం ఒక గిగాబైటు. పైథాన్ మామూలుగా ఇచ్చే 64 బిట్ల దశాంశాలుగా అయితే నాలుగు. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయం వాళ్ల ట్రేసుల విశ్లేషణ లైబ్రరీ స్కాలిబ్ పూర్ణాంకాలే అడుగుతుంది. చిప్‌విస్పరర్ ఇచ్చే ట్రేసులో 0.5 దాటిన విలువే ఉండదు. నేరుగా 16 బిట్ల పూర్ణాంకంగా మార్చితే ప్రతి శాంపిలూ సున్నా అవుతుంది. ఎర్రరేమీ రాకపోవచ్చు, లీకు కూడా రాదు! ట్రేసు తీసుకునేటప్పుడే ఆజ్-ఇంట్ ఆప్షను పెట్టండి, 0 నుంచి 1023 దాకా అసలు ఏడీసీ విలువలే వస్తాయి.

టీవీఎల్‌ఏ, దాని రెండు ఖాళీ తక్కెడలు

కోచర్ బృందంలోని గుడ్‌విల్, జున్, జాఫ్, రోహత్గీలు 2011లో ప్రతిపాదించిన టీవీఎల్‌ఏ (టెస్ట్ వెక్టర్ లీకేజ్ అసెస్‌మెంట్) పద్ధతి సులువైనది. కీ ఒకటే. సగం ట్రేసులకు ఒకే స్థిరమైన ప్లెయిన్‌టెక్స్టు, సగానికి యాదృచ్ఛికమైనవి. ప్రతి శాంపిలు దగ్గరా టీ-టెస్టు చేయాలి, విలువ ±4.5 దాటితే లీకు. (ఆ పద్ధతిలో వాడే ఏఈఎస్ స్థిర ప్లెయిన్‌టెక్స్టు ఎక్కడో చూసినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఖాళీ స్ట్రింగుకు షా-1 హ్యాష్ కడితే వచ్చే మొదటి 16 బైట్లే అవి.) చిప్‌విస్పరర్‌లో ఇలాంటి ఇన్‌పుట్లు ఇచ్చే పైథాన్ క్లాసు సిద్ధంగా ఉంది. స్కాలిబ్‌లోని టీ-టెస్టు ట్రేసులను గుంపులు గుంపులుగా తీసుకుని, అన్నీ మెమరీలో పెట్టుకోకుండానే లెక్కిస్తుంది.

స్థిర, యాదృచ్ఛిక ట్రేసులు యాదృచ్ఛిక వరసలో కలిసిపోవాలి. ముందు యాభై వేలు స్థిరమైనవి, తర్వాత యాభై వేలు యాదృచ్ఛికమైనవి పడితే మీరు కొలిచేది గది ఉష్ణోగ్రతను. మధ్యాహ్నం ఏసీ వేసినా ఆపినా ట్రేసు మొత్తం మిల్లీవోల్టులో ఏ వందో వంతో జరుగుతుంది, టీ విలువ ముప్ఫై అవుతుంది. ఒకటి విడిచి ఒకటి పట్టడమూ మంచిది కాదు, టార్గెట్టులో మిగిలిపోయిన పాత స్థితి క్రమం తప్పకుండా ఒక తరగతి వైపు మొగ్గుతుంది. నాణెం ఎగరేసినట్టే ఎంచాలి. ఆ నాణెం ఫలితం టార్గెట్టు కోడుకు తెలియకూడదు.

ఇప్పుడు తక్కెడలు. మొదటిది, రెండు తరగతులకూ యాదృచ్ఛిక ఇన్‌పుట్లే ఇచ్చి అదే సంఖ్యలో ట్రేసులు పట్టండి. శిఖరం వస్తే మీ సెటప్ అబద్ధం చెబుతోంది. రెండోది, మాస్కింగ్ (రహస్యాన్ని యాదృచ్ఛిక ముక్కలుగా, అంటే షేర్లుగా, విడగొట్టి లెక్కించడం) ఉన్న కోడైతే రాండమ్ జనరేటరును సున్నాకు కట్టేసి పట్టండి. కొన్ని వందల ట్రేసుల్లో టీ విలువ ఆకాశానికి ఎగరాలి. ఎగరకపోతే మీ తీగ, మీ ట్రిగ్గరు, మీ గెయిన్, ఆ పూర్ణాంకాల మార్పిడి, వీటిలో ఏదో ఒకటి చచ్చిపోయింది. ఆ స్థితిలో రాండమ్ ఆన్ చేసి వచ్చిన "పాస్" కాగితానికి కూడా దండగ. ఈ రెండు గ్రాఫులు లేని రిపోర్టును నేనైతే చదవడం అక్కడే ఆపేస్తాను.

4.5 అంకెకు మహిమేమీ లేదు. లీకు ఏమాత్రం లేకున్నా ఒక శాంపిలు ఆ గీత దాటే అవకాశం లక్షకు 0.68. 5000 శాంపిళ్ల ట్రేసులో అలాంటి దొంగ శిఖరం వచ్చే అవకాశం 3.4 శాతం, పర్వాలేదు. పది లక్షల శాంపిళ్లుండే పబ్లిక్-కీ ట్రేసులో మాత్రం సగటున ఏడు దొంగ శిఖరాలు వస్తాయి. అక్కడ మొత్తం మీద ఒక శాతం తప్పుకు ఒప్పుకుంటే గీతను 5.73కు జరపాలి. లేదా అసలు పద్ధతిలో ఉన్నట్టు రెండు వేర్వేరు ట్రేసుల సమితులు పట్టి, రెండిట్లోనూ అదే చోట గీత దాటితేనే లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది ఈ రెండో భాగాన్నే వదిలేస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, కానీ ఇక్కడ ప్రతి మెతుకూ పట్టి చూస్తున్నాం. అన్ని మెతుకుల్లో ఒకటి రెండు పలుకుగా తగలడం మామూలే.

ఇంకో రకం దొంగ శిఖరం ట్రేసు రెండు చివర్లలో ఉంటుంది. ప్లెయిన్‌టెక్స్టును రిజిస్టరులోకి ఎత్తేటప్పుడు, సైఫర్‌టెక్స్టును బయటికి రాసేటప్పుడు స్థిర, యాదృచ్ఛిక తరగతుల మధ్య తేడా ఉండి తీరుతుంది. అవి రహస్యాలు కావు. ఇన్‌పుటును ముందే షేర్లుగా విడగొట్టి టార్గెట్టుకు పంపిస్తే మొదటి శిఖరం పోతుంది. పోకపోతే విడగొట్టడంలోనే తప్పుంది.

లీకు ఉంది సరే, కీ ఎంత దూరం?

టీ-టెస్టు లీకు ఉందంటుంది, దానితో కీ దొరుకుతుందో లేదో చెప్పదు. దానికి ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నలుకు, నాయిజుకు మధ్య నిష్పత్తి), తర్వాత సీపీఏ (కీని ఊహించి, ఆ ఊహ ట్రేసులతో ఎంత కలుస్తుందో కోరిలేషన్‌తో చూసే దాడి). ఎస్-బాక్సు (ఏఈఎస్‌లో ఒక బైటును ఇంకో బైటుగా మార్చే పట్టిక) ఔట్‌పుటు బైటును బట్టి ట్రేసులను 256 తరగతులుగా విడదీసి, తరగతుల సగటుల మధ్య వ్యత్యాసాన్ని తరగతి లోపలి వ్యత్యాసంతో భాగిస్తే ఎస్‌ఎన్‌ఆర్. పదివేల ట్రేసులతో చేస్తే తరగతికి సుమారు 39 వస్తాయి. లీకు ఏమీ లేకపోయినా ఎస్‌ఎన్‌ఆర్ సుమారు 39లో ఒక వంతు, అంటే 0.026 దగ్గర కూర్చుంటుంది. ఆ నేలను లీకు అనుకుని సంబరపడేవాళ్లున్నారు. ట్రేసులు రెట్టింపు చేసి చూడండి, సగానికి పడితే అది నేలే.

సీపీఏకి ఎన్ని ట్రేసులు కావాలో ఉజ్జాయింపుగా చెప్పే సూత్రం ఒకటుంది: 28ని సరైన కీ ఇచ్చే కోరిలేషన్ వర్గంతో భాగించండి. కోరిలేషన్ 0.1 అయితే 2800 ట్రేసులు. 0.02 అయితే 70 వేలు. మీ దగ్గర పదివేలే ఉండి, కోరిలేషన్ అంత చిన్నదైతే "దాడి విఫలం" అని రాయడానికి మీకు హక్కు లేదు. పదహారు బైట్లలో పన్నెండు దొరికి నాలుగు దొరకకపోయినా కీ క్షేమమని కాదు. మిగిలింది 32 బిట్ల వెతుకులాట, మామూలు ల్యాప్‌టాప్ పని. స్కాలిబ్‌లోని ర్యాంకు అంచనా ఈ మిగిలిన దూరాన్ని బిట్లలో చెబుతుంది, రిపోర్టులో రాయాల్సిన అంకె అది. ఈషార్డ్ వాళ్ల స్కారెడ్, లెడ్జర్ డాన్జాన్ వాళ్ల లాస్కార్‌లతో కూడా ఎస్‌ఎన్‌ఆర్, సీపీఏ చేయొచ్చు. పెద్ద ఫైళ్ల మీద స్కాలిబ్ వేగంగా ఉంటుంది, దాని లోపలి లెక్కలు రస్ట్‌లో ఉన్నాయి. దాడి మోడళ్లు రాయడం మాత్రం స్కారెడ్‌లో సుఖం.

మాస్కింగ్ కోడు ఎందుకు ఓడిపోతుంది

కాగితం మీద సరైన మాస్కింగే చిప్ మీద లీకవడం మామూలు. దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. రహస్య బైటును రెండు షేర్లు చేశారు, ఒకటి మాస్కు, రెండోది మాస్కుతో ఎక్స్‌ఓఆర్ చేసిన రహస్యం. అసెంబ్లీలో మొదటి షేరును ఆర్0 రిజిస్టరులోకి ఎత్తారు, పని అయ్యాక రెండో షేరునూ అదే ఆర్0లోకి ఎత్తారు. రిజిస్టరు పాత విలువ నుంచి కొత్త విలువకు మారేటప్పుడు ఎన్ని బిట్లు తిరగబడ్డాయో అంత కరెంటు. తిరగబడిన బిట్లు ఆ రెండు షేర్ల ఎక్స్‌ఓఆర్, అంటే రహస్యమే. మాస్కు దానికదే కొట్టుకుపోయింది. రిజిస్టరు మార్చినా సరిపోకపోవచ్చు, మెమరీ బస్సు, పైప్‌లైను లోపలి రిజిస్టర్లు కూడా పాత విలువను పట్టుకుని ఉంటాయి. రెండు లోడ్‌ల మధ్య సంబంధం లేని విలువ ఒకటి ఎత్తడం మందు. అది సీ భాషలో రాస్తే కంపైలరు "అనవసరం" అని తీసేస్తుంది, అసెంబ్లీలోనే రాయాలి.

ఇంతవరకు చెప్పిన మొదటి స్థాయి టీ-టెస్టు శుభ్రంగా వచ్చాక, రెండు షేర్ల లీకును కలిపి చూసే రెండో స్థాయి. హార్డ్‌వేర్‌లో షేర్లు ఒకే సైకిలులో కదులుతాయి కాబట్టి ప్రతి శాంపిలునూ సగటు తీసేసి వర్గం చేస్తే చాలు. సాఫ్ట్‌వేర్‌లో షేర్లు వేర్వేరు సమయాల్లో వస్తాయి, కాబట్టి శాంపిళ్లను జంటలుగా గుణించాలి. 1000 శాంపిళ్లకు 4,99,500 జంటలు. అందుకే ముందు, మాస్కు తెలిసిన ట్రేసులతో షేరు షేరుకూ విడిగా ఎస్‌ఎన్‌ఆర్ చూసి, ఏ షేరు ఎక్కడ తిరుగుతోందో గుర్తించి, ఆ చోట్ల మధ్యే జంటలు కట్టండి. జంటల సంఖ్య పెరిగితే 4.5 గీత కూడా జరగాలని మరవకండి.

బోర్డు లేనివాళ్లకు దారులున్నాయి. కార్టెక్స్-ఎం0 కరెంటును ఇన్‌స్ట్రక్షన్ల స్థాయిలో అనుకరించే ఎల్మో, యూనికార్న్ ఎమ్యులేటరు మీద కట్టిన లెడ్జర్ వాళ్ల రెయిన్‌బో, హార్డ్‌వేర్ నెట్‌లిస్టులకు ప్రోలీడ్. రిజిస్టరు మీద రిజిస్టరు పడే తప్పులు వీటిలోనే చాలావరకు దొరుకుతాయి. మోడలులో లేని లీకు మాత్రం దొరకదు.

నిజమైన ట్రేసులే కావాలంటే ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థ ఆన్సీ ఇచ్చిన ఆస్కాడ్ డేటాసెట్ ఉంది. ఏటీమెగా8515 మీద మాస్కు వేసిన ఏఈఎస్, 60 వేల ట్రేసులు, వాటిలో 50 వేలు నేర్చుకోవడానికి, 10 వేలు దాడికి. అందరూ దించుకునేది 700 శాంపిళ్ల కత్తిరించిన ఫైలు. కత్తిరించని ముడి ఫైలు దించుకోండి, ట్రేసుకు లక్ష శాంపిళ్లు, ఆరు గిగాబైట్లు. అంత పెద్దది దించుకోమనడానికి కారణం ఉంది. ఆ అమలులో మొదటి రెండు బైట్ల మాస్కు సున్నా, మూడో బైటు నుంచే నిజమైన మాస్కు. ఒకే ఫైలులో రక్షణ లేని బైటూ, ఉన్న బైటూ. మీ కోడుతో మొదటి బైటు ఎస్-బాక్సుకు ఎస్‌ఎన్‌ఆర్ గీస్తే శిఖరాలు నిటారుగా లేవాలి, మూడో బైటుకు నేలకు అతుక్కుని ఉండాలి. మొదటిదానిలో శిఖరం లేవకపోతే సాధారణంగా తప్పు బైటు సూచికలో ఒకటి అటూ ఇటూ కావడమో, ప్లెయిన్‌టెక్స్టు, ట్రేసుల వరస కలవకపోవడమో అయ్యుంటుంది. ట్రేసులను ఒక్క వరస జరిపి మళ్లీ గీయండి.